వార్త విన్నాక స్నానం

యుద్ధం ఎక్కడో జరిగేది, తడిసేది మాత్రం మా వాడ ఆడవాళ్లు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. జర్మనీవాళ్లు లండను మీద బాంబులు వేసినప్పుడల్లా, మహమ్మద్‌నగర్ దారిన ఉన్న మా చిన్న ఊళ్లో ఆడవాళ్లు బావి దగ్గరికి పోయి తల మీద నీళ్లు గుమ్మరించుకున్న మాట నిజం. దానికి కారణం ఇద్దరు. ఒకరు ఎల్లారెడ్డి బడిలో మా అన్నకు తెలుగు చెప్పే ఏసయ్య పంతులు. రెండోది మా నాయినమ్మ నర్సవ్వ. అప్పటికి వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసింది కూడా లేదు.

ఏసయ్య పంతులు మెదక్‌లో మిషన్ బడిలో చదువుకుని వచ్చినవాడు. ఎల్లారెడ్డి బడిలో చదువంతా ఉర్దూలోనే. తెలుగుకు మిగిలేది పొద్దుగూకే ముందు ఒక్క గంట. అప్పటికి పిల్లల కడుపుల్లో ఎలుకలు పరిగెత్తుతుంటాయి, పద్యం చెబితే ఎవడి చెవికి ఎక్కుతుంది? అందుకని ఆయన ఒక ఉపాయం చేశాడు. పట్నం నుంచి ఒక తెలుగు పత్రిక తెప్పించడం మొదలుపెట్టాడు. అది రైల్లో కామారెడ్డికి, కామారెడ్డి నుంచి బస్సులో ఎల్లారెడ్డికి వచ్చేది. ఊరికొక రాత్రి చొప్పున పత్రికను పిల్లలకిచ్చి పంపేవాడు. ఇంట్లో పెద్దలకు చదివి వినిపించాలి. తర్వాత తన మాటల్లో ఒక పేజీ రాసుకొచ్చి గురువారం నాడు అందరి ముందూ నిలబడి చదవాలి. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. "ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. ఈ మూడు లేకుంటే అది వార్త గాదు, పుకారు" అనేవాడు.

మా ఊరి నుంచి ఆ బడికి పోయేది మా అన్న హన్మండ్లు ఒక్కడే. కాబట్టి మా ఊరి వంతు అంటే మా ఇంటి వంతే. నేను బడికి పోలేదు. ఆడపిల్లకు చదువెందుకని మా వాళ్లేమీ అనలేదు, దూడలను ఎవరు కాస్తారని మాత్రం అన్నారు. నా వంతు బెల్లం ముక్క అన్నకిచ్చి అక్షరాలు కొనుక్కున్నాను. వాడు బెల్లం ముందే తినేసి, ఒత్తులు రేపు చెప్తాననే రకం.

మొదటిసారి పత్రిక వచ్చిన సాయంత్రం అన్న వాకిట్లో మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పోలీసు అమీను సాబు తాకీదు చదివినట్టు గొంతు పెంచి చదివాడు. లండనులో ఇండ్లు కూలాయి, జనం చచ్చిపోయారు. మా అవ్వ, అంటే మా తల్లి కమలవ్వ, అప్పుడే పొయ్యి రాజేయడానికి లేచింది. నాయినమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. నీళ్లు పోసుకోకుంట పొయ్యి కాడికి పోతవా?"

"ఎందుకత్తా?"

"చావు కబురు చెవుల వడ్డది గదా."

అన్న నవ్వాడు. "లండనోళ్లు నాయినమ్మా. మనకేం గారు."

"మనకేం గారని ఆ కాయితంల రాసిండ్రా?"

"రాయలే."

"మరి నీకెట్ల ఎరుక? ఎవలో ఒక తల్లి కన్నోళ్లే గదా. కబురు మన వాకిట్లకొచ్చింది. ఒక్క చెంబెడు నీళ్లకు ఏం తరుగుతం?"

మా దిక్కున అయినవాళ్ల చావు కబురు వింటే స్నానం చేయనిదే పొయ్యి ముట్టుకోరు. నాయినమ్మ ఆ అయినవాళ్ల లెక్కను సముద్రాలు దాటించింది, అంతే. ఆమెతో వాదం పెట్టుకున్నవాళ్లు ఊళ్లో ఎవరూ గెలిచింది లేదు. అవ్వ గొణుక్కుంటూ పోయి నీళ్లు పోసుకుంది. నన్నూ పోసుకోమన్నారు.

అంతటితో ఆగిందా? చావు కబురు మోసుకొచ్చినవాడు కడప, అంటే వీధి దర్వాజ గడప, దాటకూడదు. బయట నిలబడే చెప్పాలి, మంచినీళ్లు అడగకూడదు, చెప్పి వచ్చిన దారిన పోవాలి. అదీ మా దిక్కు ఆచారమే. పత్రికలో చావు ఉందో లేదో చదవనిదే తెలియదు గనుక నాయినమ్మ అన్నను ముందుజాగ్రత్తగా వాకిట్లోంచి లేపి కడప బయట అరుగు మీదికి తోలింది. అప్పటి నుంచి వాడు అరుగు మీద, మేము కడపకు ఇవతల. చదువు అయ్యేదాకా వాడికి గుక్కెడు నీళ్లు కూడా ఇచ్చేవాళ్లం కాదు. గొంతు ఎండి వాడు దగ్గుతుంటే నాకు లోలోపల భలే సంతోషంగా ఉండేది, ఒత్తులు ఎగ్గొట్టిన సంగతి నేను మరిచిపోలేదు.

పక్కింటి హన్మవ్వ ఏందో చూద్దామని వచ్చి, విని, తనూ బావికి పోయింది. తర్వాతి వారం వాడలో సగం మంది వచ్చారు. ఇంట్లో మొగవాళ్ల ముచ్చట్లు తప్ప ఇంకేమీ వినని ఆడవాళ్లకు ప్రపంచం సంగతులు వినడం పండుగలా ఉండేది. దానికి కట్టే సుంకం ఒక స్నానం. మొగవాళ్లు ఎగతాళి చేశారు. "జర్మనోడు తుపాకి పేలిస్తే మా ఇంట్ల అన్నం ఆలస్యమైతది" అని హన్మవ్వ మొగుడు ఊరంతా చెప్పుకుని తిరిగాడు. పుష్యమాసం చలిలో మాత్రం అన్న మా మీద దయ తలచేవాడు. పత్రికంతా కళ్లతోనే చదివేసి, "ఈ వారం అందరు క్షేమం. లండనోళ్లు, జర్మనోళ్లు అందరు మంచిగున్నరు" అని మడిచేవాడు. నాయినమ్మ వాడి మొహంలోకి చూసి, "అబద్ధమాడితే నోరు పుచ్చిపోతది బిడ్డా" అనేది. అని, తనొక్కతే పోయి ఆ చలిలో నీళ్లు పోసుకునేది. మేము దుప్పట్లలో ముడుచుకుని సిగ్గుపడేవాళ్లం. సిగ్గుపడ్డామే గాని లేవలేదు.

ఇక మా బాపు, అంటే మా తండ్రి సంగతి. మా బాపు పోచయ్యకూ పక్క లంబాడీ తాండా రూప్లాకూ పొత్తు సేద్యం. మాకొక ఎద్దు, వాళ్లకొక ఎద్దు. రెండూ కలిస్తేనే రెండిండ్ల దున్నకం. రూప్లాను మేము చిన్నాన్న వరసపెట్టి కాక అనేవాళ్లం. వానలు రెండేండ్లు మొహం చాటేశాయి. ఆ ఏడు ఉగాది పోయాక, బొంబాయిలో మేడలు కడుతున్నారు, కూలి దొరుకుతుందని మాచారెడ్డి దిక్కు మనుషులు చెప్తే, ఇద్దరూ కామారెడ్డిలో రైలెక్కిపోయారు. వానమబ్బులు కమ్మి మొగులైతే వస్తామని చెప్పిపోయారు. మొగులైంది, ఆషాఢం వచ్చింది, వాళ్లు రాలేదు. ఎద్దులు రెండూ మా కొట్టంలోనే ఉండేవి. రూప్లా కాక భార్య చంద్రి పొద్దున్నే తాండా నుంచి వచ్చి తమ ఎద్దుకు మేత వేసి, మా ఎద్దుకూ వేసి పోయేది. ఆమె వాకిట్లోనే కూర్చునేది. మా గోలెంలో నీళ్లు ముట్టుకునేది కాదు. ముట్టుకోవద్దని ఎవరూ చెప్పలేదు, ముట్టుకొమ్మనీ చెప్పలేదు.

ఆ వారం పత్రిక మొదటి పేజీ అంతా రష్యాయే. జర్మనీవాళ్లు రష్యా మీద పడ్డారు. అన్న అరుగు మీద నుంచి ఆ ఊళ్ల పేర్లు నోరు తిరగక తిప్పలుపడి చదువుతుంటే మేము నవ్వుతూ ఉన్నాం. లోపలి పేజీకి వచ్చాడు. ఏదో తలనూనె ప్రకటన కింద నాలుగు వరుసలున్నాయి. అదే గొంతుతో, అదే దర్జాతో చదివాడు. "బొంబాయి. ఎడతెగని వర్షముల వల్ల కట్టుబడిలో నున్న ఒక మేడ కూలిపోయి పలువురు కూలీలు మరణించిరి. వారిలో పెక్కురు నిజాం ఇలాకా నుండి వచ్చినవారని తెలియుచున్నది."

చదివి, పేజీ తిప్పబోయి, ఆగిపోయాడు. వాడికి అప్పుడు తలకెక్కింది. బొంబాయి అనే మాటను వాడు లండను అన్నట్టే చదివాడు.

నాయినమ్మ అడిగింది. "పేర్లు చదువు."

"పేర్లు రాయలే నాయినమ్మా."

"సక్కగ చూడు. మొన్న లండనుల ఎవడో దొర సస్తె వాని పేరు రాసిండ్రు, వాని తాత పేరు గూడ రాసిండ్రు. గిండ్ల ఎందుకు రాయలే?"

అన్న పత్రికను తిప్పి, మళ్లీ తిప్పి చూశాడు. తలనూనె తయారుచేసినవాడి పేరుంది, ఆ నూనె అమ్మే కొట్టు పేరుంది. చచ్చిపోయినవాళ్ల పేర్లు లేవు. నాకు ఆ పత్రిక మీద వచ్చిన కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు.

ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. బావి దిక్కు నడిచారు. నాయినమ్మ లేవలేదు. హన్మవ్వ వెనక్కి తిరిగి వచ్చి ఆమె భుజం మీద చెయ్యేసింది.

"నర్సవ్వా, లెవ్వు. నీళ్లు పోసుకో."

"నేను పోసుకోను."

"గదేంది? నువ్వే గద..."

"నేనియ్యాల ఏం ఇనలే. నా చెవుల ఏం వడలే. మీరు పోండ్రి."

లండను వాళ్లకు పోసుకుంది, ఎవరో తెలియని ఊళ్ల వాళ్లకు పుష్యమాసం చలిలో పోసుకుంది. కొడుకు ఉన్న ఊరి పేరు వినబడేసరికి ఆమె చెంబు ముట్టుకోలేదు. ముట్టుకుంటే కొడుకు పోయాడని ఒప్పుకున్నట్టే కదా. అవ్వ కూడా పోసుకోలేదు. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి రాజుకోలేదు, హన్మవ్వ జొన్న గటక తెచ్చిపెట్టింది.

తెల్లారి చంద్రి వచ్చింది. ఎద్దులకు మేత వేయకుండా నేరుగా వాకిట్లోకి వచ్చి నిలబడింది. కబురు రాత్రే తాండాకు పాకింది.

"హన్మండ్లూ, పేపర్ల ఏం రాసిండ్రో నాకు గూడ చదువు" అంది.

అన్న చదివాడు. ఈసారి గొంతు లేవలేదు. ఆమె విని, "గంతేనా?" అంది. అంతేనన్నాడు. అప్పటి నుంచి ఆమె మా వాకిట్లోనే ఉండిపోయేది. చేతులు ఊరికే ఉంటే మనసు ఆగదని మా జొన్నలు చెరిగేది, రాళ్లు ఏరేది, పొద్దుగూకాక తాండాకు పోయేది. అవ్వా ఆమే పక్కపక్కన కూర్చుని పని చేసుకుంటూ బాపు పేరూ రూప్లా కాక పేరూ ఎత్తకుండా ఎద్దుల గురించి మాట్లాడుకునేవాళ్లు.

గురువారం అన్న బడిలో రష్యా గురించి రాయలేదు, ఆ నాలుగు వరుసలే పేజీకి దించాడు. ఏసయ్య పంతులు అది చూసి, "ఎవరు అనేది ఏదిరా? కింది నుంచి మీది దాక ఎక్కడ లేదే" అన్నాడట. అన్న ఏడుపు ఆపుకోలేక, మా బాపు అక్కడున్నడని చెప్పేశాడు. పంతులు పత్రిక తీసి ఆ వరుసలు తనే చదివాడట.

"రేపు శుక్రవారం, బడి లేదు. బొంబాయి కూలోళ్లు మన్మాడు మీదికెల్లి వచ్చే బండిల కామారెడ్డిల దిగుతరు. పోయి అడుగుదాం. వాళ్లు రాయకుంటే మనం తెలుసుకోవద్దని ఉన్నదా?" అన్నాడట.

పొద్దున బస్సుకు ఇద్దరూ పోయారు. ఇదంతా అన్న తర్వాత చెప్పిందే. కామారెడ్డి స్టేషన్లో బెల్లం బస్తాల పక్కన కూర్చుని బండి కోసం చూశారట. బెల్లం వాసన ఎంత ఇష్టమో వాడికి, ఆ రోజు ఆ బస్తాల వైపు మొహం కూడా తిప్పలేదట. శుక్రవారం బండిలో బొంబాయి వాళ్లెవరూ దిగలేదు. పంతులు వాడిని తనకు తెలిసినవాళ్లింట్లో పడుకోబెట్టి, మర్నాడు బడి ఎగ్గొట్టి మరీ వాడితో ఉన్నాడు. బడి ఎగ్గొట్టిన పంతులును అన్న తన జన్మలో ఆయననొక్కడినే చూశాడు.

శనివారం బండిలో మాచారెడ్డి మనుషులు దిగారు. తలకు గుడ్డలు చుట్టుకుని, మూటలతో, మాసిన మొహాలతో. అన్న ఉరికి పోయి, "ఎల్లారెడ్డి దిక్కు పోచయ్య ఎరుకేనా? రూప్లా ఎరుకేనా?" అని అడిగాడు. వాళ్లలో ఒక పెద్దమనిషికి ఎరుకే. ముగ్గురూ ఒకే మేస్త్రీ కింద పనిచేశారు.

పోచయ్య బతికే ఉన్నాడు. కాలికి దెబ్బ తగిలింది, వచ్చే వారం మనిషి తోడుతో వస్తాడు. రూప్లా పోయాడు. పోచయ్యే దగ్గరుండి మట్టి చేశాడు.

పంతులు ఎల్లారెడ్డి దాకా వచ్చి, "నేను గూడ వస్తరా" అన్నాడట. అన్న వద్దన్నాడు. ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. దారి పొడవునా రెండు సంగతులూ వాడి మనసులో కొట్లాడుకున్నాయి. ఒక అడుగులో బాపు బతికాడని గంతేయాలనిపించేదట, రెండో అడుగులో తాండాకు పోయి చంద్రి చిన్నమ్మకు ఎట్లా చెప్పాలని కాళ్లు ఆగిపోయేవట. ముందు ఇంట్లో చెప్పి, నాయినమ్మను తోడు తీసుకుని తాండాకు పోదామనుకున్నాడు. ఆ వేళకు చంద్రి మా ఇంట్లో ఉంటుందని వాడి తలలో లేదు.

మేము వాకిట్లో ఉన్నాం. నాయినమ్మ గుంజకు ఆనుకుని కూర్చుంది. నూనె లేక, నీళ్లు లేక ఆమె జుట్టు అట్టలు కట్టింది. అవ్వ విసుర్రాయి దగ్గర ఉంది. కొట్టం నీడలో చంద్రి జొన్నలు చెరుగుతోంది. నేను దూడను తలుగు పట్టుకుని తోలుకొస్తున్నాను. అప్పుడు అన్న దర్వాజ ముందుకు వచ్చాడు.

వచ్చి, కడప దగ్గర ఆగిపోయాడు.

వాడి నోట్లో చావు కబురుంది. చావు కబురు తెచ్చినవాడు కడప దాటడు. ఇన్ని నెలలు నాయినమ్మ నేర్పిందదే. కాళ్లు వాటంతట అవే ఆగాయని తర్వాత చెప్పాడు. రూప్లా కాక కోసం ఆగాడు. కానీ మాకేం తెలుసు? బాపు కోసం పోయినవాడు తిరిగొచ్చి సొంత ఇంటి కడప బయట నిలబడ్డాడు. లోపలికి రాడు, నీళ్లడగడు, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

అవ్వ ఒక్క కేక పెట్టింది. అంత గట్టి కేక ఆమె గొంతులో ఉందని నాకు తెలియదు. చేతుల గాజులు విసుర్రాయికేసి కొట్టబోయింది. నాయినమ్మ గుంజ మీదనే ఒరిగిపోయింది. నా చేతిలో తలుగు జారిపోయింది. బాపు లేడని ఆ క్షణంలో నేను నమ్మేశాను.

మమ్మల్ని చూసి అన్న బెదిరిపోయాడు. రెండు చేతులూ ఊపుతూ అరిచాడు.

"అవ్వా! గాదు, గాదు! బాపు బతికే ఉన్నడు! బాపుకేం గాలే! పోయింది రూప్లా కాక!"

అవ్వ నవ్వింది. ఏడుస్తూనే పకపకా నవ్వింది. నేను ఎగిరి గంతేసి అన్నను వాటేసుకున్నాను. నాయినమ్మ రెండు చేతులూ ఎత్తి ఎల్లమ్మకు మొక్కింది. ఎంతసేపో కాదు, ఒక మనిషి లోటా నీళ్లు తాగేంతసేపు మా వాకిట్లో పండుగ అయింది.

తర్వాత చేట చప్పుడు వినబడింది.

చంద్రి చెరుగుతూనే ఉంది. జొన్నలు పైకి లేచాయి, చేటలో పడ్డాయి. మళ్లీ లేచాయి, పడ్డాయి. మూడోసారి చేట కిందికి దించి, జొన్నల్లోకి చూస్తూ, ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

అందరమూ కొయ్యబారిపోయాం. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. అన్న ఇంకా కడప బయటే ఉన్నాడు. వాడి మొహం చూడలేక నేను కళ్లు మూసుకున్నాను. తప్పు ఎవరిదని? వాడిదా? వాడు ఆచారమే పాటించాడు. మాదా? మేము మా మనిషి బతికాడని నవ్వాము. అయినా ఆ వాకిట్లో తప్పు జరిగింది, అది మా అందరికీ తెలుసు.

నాయినమ్మ లేచింది. తిండి సరిగా లేక తూలుతూ నడిచి చంద్రి దగ్గరికి పోయి, చేట తీసి పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుంది. "యాడీ" అని చంద్రి గొంతులోంచి ఒక్క మాట వచ్చింది. తాండాలో తల్లిని అట్లా పిలుస్తారు. నాయినమ్మ ఆమెను నడిపించుకుని గోలెం దగ్గరికి తెచ్చింది. మేమెవ్వరం నీళ్లు ముట్టుకొమ్మని చెప్పని ఆ గోలెంలో చెంబు ముంచి చంద్రి తల మీద పోసింది. ఆమె అద్దాల రవిక, కొప్పు, మొహం తడిసిపోయాయి. మళ్లీ ముంచి పోసింది. చంద్రి అప్పుడు ఏడ్చింది. తాండా వాళ్ల ఏడుపు పాటలా ఉంటుంది, మాటలు నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకోవలసిందీ లేదు.

తర్వాత నాయినమ్మ తన తల మీద పోసుకుంది. ఇన్ని రోజులూ కొడుకు పేరున ముట్టని నీళ్లు రూప్లా పేరున పోసుకుంది.

"బిడ్డా, నా కొడుకు బతికిండని నీ ముంగట సంతోషపడ్డ" అంది. నీళ్లూ కన్నీళ్లూ కలిసి కారుతున్నాయి. "తల్లి మనసు, ఆగలే. ఆ సంతోషం గూడ ఈ నీళ్లతోనే కొట్టుకపోవాలె."

అవ్వ పోయి పోసుకుంది. నేను పోసుకున్నాను. ఎవరూ చెప్పకుండానే పోసుకున్న మొదటి స్నానం నాకు అదే. అన్న కడప బయటే నిలబడి చూస్తుంటే నాయినమ్మ చెంబెడు నీళ్లు తీసుకెళ్లి వాడి తల మీద పోసి లోపలికి పిలిచింది.

చంద్రిని తాండాకు దిగబెట్టడానికి మేమందరం పోయాం. పోయే ముందు ఆమె అన్న వైపు తిరిగి అడిగింది. "పేపర్ల ఆయన పేరు వస్తదా?"

"రాదు చిన్నమ్మా. వస్తే అప్పుడే వచ్చేది."

"నువ్వు బడిల రాస్తవు గదా. నువ్వు రాయి. పేరు లేకుంట ఎట్ల పోతడు మనిషి?"

అన్న రాశాడు. ఆ వారం వాడి పేజీ అంతా కలిపి అయిదారు వరుసలే. "రూప్లా. మా ఊరి తాండావాడు. బొంబాయిలో మేడ కడుతుండగా ఆషాఢంలో అది కూలి మరణించినాడు. భార్య చంద్రి. మా తండ్రి పోచయ్యతో పొత్తు సేద్యము చేసెడివాడు. ఇతని ఎద్దు మా కొట్టములో ఉన్నది." గురువారం నాడు నిలబడి చదివాడు. వెనక బెంచీలో ఎవడో, ఇది పత్రికల లేదు పంతులూ అన్నాడట.

"ఏ పత్రికల ఉన్నదిరా?" అని ఏసయ్య పంతులు అన్నను అడిగాడు.

"ఏ పత్రికల లేదు. అందుకే రాసిన."

పంతులు సుద్దముక్క తీసుకుని ఆ వరుసలన్నీ నల్లబల్ల మీద రాశాడు. అందరినీ రాసుకొమ్మన్నాడు. ఈ వారం వార్త ఇదే, ఇంటికి పోయి ఎప్పటిలెక్కనే పెద్దలకు చదివి వినిపించండి అన్నాడు. పిల్లలు రాసుకుని ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు.

తర్వాతి వారమే బాపు కర్ర పట్టుకుని వచ్చాడు. వచ్చిన రోజే తాండాకు పోయి చంద్రి ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. ఆ ఏడు దున్నకానికి రెండిండ్ల కాడీ మా అన్న పట్టాడు.

శ్రావణంలో నేనూ చంద్రి చిన్నమ్మా ఎల్లారెడ్డి అంగడికి పోయాం. ఉల్లిగడ్డలు ఏరుతుంటే ఒక ముసలామె మా వైపే చూస్తూ నిలబడింది. మాకు ముక్కూ మొహం తెలియదు. చంద్రి చిన్నమ్మ చేతులకు గాజులు లేకపోవడం చూసిందో ఏమో, దగ్గరికి వచ్చింది.

"నువ్వు రూప్లా పెండ్లానివా బిడ్డా?"

చంద్రి చిన్నమ్మ తలూపింది.

"మాది మహమ్మద్‌నగర్. మా మనుమడు బడికెల్లి వచ్చి చదివిండు. రూప్లాకు మా ఇంట్ల అందరం నీళ్లు పోసుకున్నం. మా వాడల గూడ పోసుకున్నరు."

చంద్రి చిన్నమ్మ చేతిలో ఉల్లిగడ్డలు కింద పెట్టి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. అంగడి మధ్యలో, ఆ తొక్కిసలాటలో, ఎంతసేపటికీ వదల్లేదు. తర్వాత మొహం తుడుచుకుని, "నీ పేరేంది అవ్వా?" అని అడిగింది.

"సత్యమ్మ."

"రాజమణీ, మర్చిపోకు" అని నాతో అంది. "సత్యమ్మ. మహమ్మద్‌నగర్."